నేను బంజరని రాసిన కొండ

(2025 సంక్రాంతి సెలవుల్లో జరిగిన స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అన్నా, ముప్పై ఏళ్ళకు పైగా కరెంటు లైన్లు వేశారు కదా, విద్యుత్ రంగంలో ప్రగతి మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నాడు. సరేనన్నాను. తీరా రాద్దామని కూర్చుంటే, ఆ ప్రగతి గురించి మీ ఇంట్లో స్విచ్చి నాకంటే బాగా చెబుతుందనిపించింది. అందుకని మోకాలెత్తు పొద ఒకదాని గురించి మాట్లాడతాను. కార్యదర్శి నన్ను క్షమించాలి.

మా సైన్సు సార్ ముందు వరుసలోనే ఉన్నారు. తొమ్మిదో తరగతిలో సార్ మా చేత ఆకుల పుస్తకం చేయించారు. పాత పేపర్ల మధ్య ఆకులు పెట్టి, పైన ఇటుకరాయి పెట్టి, ఎండాక నోటుపుస్తకంలో అతికించి కింద పేరు రాయాలి. ఇరవై ఆకులు. నేను ఏడింటి కింద "పిచ్చిమొక్క" అని రాశాను. సార్ పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, "ఏరా, పిచ్చి మొక్కకా, నీకా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఏడింటి పేర్లూ కనుక్కుని రమ్మన్నారు. ఉత్తరేణి, పల్లేరు, అడ్డసరం, గడ్డిచామంతి, తుత్తురుబెండ అని మా అవ్వ ఐదింటికి చెప్పింది. మిగిలిన రెండూ ఆమెకూ తెలియలేదు. సార్ ఐదు పేర్లు చదివి, ఆ రెండింటి కింద "తెలియదు" అని రాయమన్నారు. మార్కులు తగ్గించలేదు.

అది 1982. అప్పుడు మాకు తెలియదు గానీ, అదే ఏడాది కేరళలో మున్నార్ కొండలన్నీ నీలకురింజి పూసి ఉన్నాయి. నేను చెప్పబోయే పొద అదే.

నీలకురింజి పడమటి కనుమల్లో, సముద్రమట్టానికి 1,300 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్న కొండ గడ్డినేలల్లో పెరుగుతుంది. కేరళలో మున్నార్ చుట్టుపక్కల, తమిళనాడులో నీలగిరులు, కొడైకెనాల్ ఉన్న పళని కొండలు దాని ముఖ్యమైన తావులు. గాలికి ఎదురుగా ఉన్నచోట మోకాలెత్తు దాటి పెద్దగా ఎదగదు. మన ఆడవాళ్ళు జడలో పెట్టుకునే కనకాంబరం, దగ్గుకి కషాయం కాచే అడ్డసరం, చేదుకి పేరుపడ్డ నేలవేము దాని కుటుంబమే. పువ్వు చిన్న గంటలా ఉంటుంది. రంగు నీలానికీ ఊదాకీ మధ్య. ఒక్క పువ్వుని తుంచి చేతిలో పెడితే, దీనికోసమా ఇంతమంది పరుగెత్తేది అంటారు.

దాని సంగతంతా లెక్కలో ఉంది. మొలిచింది మొదలు ఏళ్ళ తరబడి ఆకులే. పన్నెండో ఏడు ఆగస్టు నుంచి అక్టోబరు లోపల కొండ మీదున్న పొదలన్నీ ఒక్కసారే పూస్తాయి. కాయ కట్టి, ఎండి, విత్తనం రాల్చి చచ్చిపోతాయి. రాలిన విత్తనం మొలిచి మళ్ళీ పన్నెండేళ్ళు. 1838 నుంచి రాసిపెట్టిన లెక్కుంది. 1838, 1850, 1862, అలా పన్నెండేసి కలుపుకుంటూ వస్తే 1982, 1994, 2006, 2018. మొత్తం పదహారు పూతలు. అన్ని కొండలదీ ఇదే వరస కాదు. ఇడుక్కి జిల్లాలోనే శాంతన్‌పార దగ్గర కల్లిప్పార కొండ 2022లో పూసింది. ఏ కొండ లెక్క ఆ కొండదే.

మనకి పన్నెండేళ్ళంటే పుష్కరం. తుంగభద్ర పుష్కరాలు 2008లో వచ్చాయి, మళ్ళీ 2020లో వచ్చాయి. బృహస్పతి మకర రాశిలోకి వచ్చాడని పంచాంగం చూసి చెప్పేవాళ్ళు మనకున్నారు. కురింజికి చెప్పేవాళ్ళెవరూ లేరు. పన్నెండేళ్ళని అది ఎట్లా లెక్కపెడుతుందో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. అన్నీ కలిసి ఎందుకు పూస్తాయన్నదానికి మాత్రం ఒక వాదన ఉంది. వెదురు గురించి డేనియల్ జాన్‌జెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1976లో చెప్పిన వాదన అది. ఏటా కాస్త కాస్త విత్తనం రాలిస్తే ఎలుకలూ పిట్టలూ పురుగులూ ఏటా తిని పెరుగుతాయి, విత్తనం మిగలదు. చాలా ఏళ్ళు ఏమీ పెట్టకుండా ఉండి, ఒక్కసారే ఎంత తిన్నా తరగనంత రాలిస్తే, తినేవి తిన్నా మిగిలేది మిగులుతుంది. కురింజికీ ఇదే వర్తిస్తుందంటారు. దీనివల్ల ఇంకొకటి జరుగుతుంది. పూతకి ముందు పెకలించిన పొద తన వెనక ఒక్క గింజ కూడా వదలదు. శనగ చేను పోతే వచ్చే ఏడు మళ్ళీ విత్తుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు.

ఇక నా సంగతి.

1993 డిసెంబరు. నాకు ఇరవై ఐదేళ్ళు. ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీలో జూనియర్ ఇంజనీరుని. మున్నార్‌కి తూర్పున, వట్టవడ వైపు కొండల్లో ఒక లైను పని. థియోడలైట్ భుజాన వేసుకుని కొండెక్కడం, టవరు ఎక్కడ పడుతుందో రాయి పాతడం, ఫీల్డ్ బుక్కులో దూరాలూ ఎత్తులూ రాసుకోవడం. పొద్దున పదింటిదాకా మంచు కమ్ముకుని ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. మంచు తీశాక చూస్తే ఎటు చూసినా గడ్డి, గడ్డిలో ముదురాకుపచ్చ పొదలు, లోయ మడతల్లో గుబురుగా పొట్టి చెట్లు. ఆ చెట్ల గుబుర్లని షోలా అంటారని తర్వాత తెలిసింది.

మా ఫారంలో భూమి రకానికి నాలుగే గడులు: సాగు, తోట, అడవి, బంజరు. సాగు, తోట అయితే నష్టపరిహారం లెక్కకట్టాలి. అడవి అయితే అనుమతులు, ఆలస్యం. బంజరు అయితే ఏ బాధా లేదు. నేను దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవునా బంజరు గడిలో టిక్కు పెట్టాను. నాకెవరూ అలా పెట్టమని చెప్పలేదు. పంట లేదు, తోట లేదు, పెద్ద చెట్లు లేవు. మరేం రాయాలి? ఆ నిమిషంలో నాకు అది అబద్ధంగా తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే భయం వేసేది ఆ సంగతే.

సామాను మోయడానికి, దారి చూపడానికి ముదువాన్ గిరిజనుల్లోంచి ఒక పెద్దాయన మాతో వచ్చేవారు. టవరు సామాను దించుకోవడానికి స్టోర్ యార్డు కావాలి. చదునుగా ఉన్న నలభై సెంట్లు చూసి, పొదలు పీకించి, పారలతో చదును చేయించడం మొదలుపెట్టాను. ఆ పెద్దాయన వచ్చి, ఒక కొమ్మ పట్టుకుని, నాతో నిదానంగా అన్నారు: "అడుత్త వర్షం పూక్కుం."

వాళ్ళ మాట తమిళం, మలయాళం కలిసినట్టుంటుంది. నాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో అర్థం చేసుకున్నాను. అడుత్త అంటే వచ్చే. పూక్కుం అంటే పూస్తుంది. వర్షం అంటే తెలియనిదేముంది, వాన. వచ్చే వానకి పూస్తుందంటున్నారు. వానకి పూయని పొద ఏదుంది? నవ్వి తలూపాను. కూలీలకి పని కానివ్వమన్నాను.

మలయాళంలో వర్షం అంటే సంవత్సరం కూడా. వచ్చే ఏడాది పూస్తుందని ఆయన చెప్పారు.

ఆ సాయంత్రం చలిమంట దగ్గర ఆయన్ని వయసడిగితే, నాలుగు కురింజిలు చూశానన్నారు. ఆ ముదువాన్లకి కురింజి పూతలే వయసు లెక్క. 1946, 1958, 1970, 1982 అన్నమాట. ఐదోది ఇంకో ఎనిమిది నెలల్లో ఉంది. నాకది ఏ లెక్కో తెలియక ఫీల్డ్ బుక్కు వెనక పేజీలో "కురింజి?" అని ఒక మాట రాసుకుని వదిలేశాను.

1994 మార్చిలో నన్ను మధ్యప్రదేశ్‌లో వేరే పనికి మార్చారు. సెప్టెంబరులో అక్కడి సైటు ఆఫీసులో ఒక ఇంగ్లీషు వారపత్రిక తిరగేస్తుంటే రెండు పేజీల నిండా రంగు ఫొటో. ఒక కొండ, మొత్తం నీలం. కింద మున్నార్ అని ఉంది. పక్కన చిన్న బొమ్మలో ఆ ఆకు, నేను పీకించిన ఆకు. పన్నెండేళ్ళు, వర్షం, నాలుగు కురింజిలు అన్నీ అక్కడ ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంజనీరుని కాబట్టి లెక్క వేశాను. నలభై సెంట్లంటే సుమారు 1,600 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి రెండు పొదలనుకున్నా మూడు వేలకు పైన. పదకొండేళ్ళు ఆగినవి, ఎనిమిది నెలల ముందు.

ఆ తర్వాత దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ నా "బంజరు" ఎంత తప్పో తెలిసింది. చెట్లు నరికేయగా మిగిలిన నేలే ఆ గడ్డినేల అని ఒకప్పుడు అనుకునేవారు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్, మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి నీలగిరుల చిత్తడి నేలల్లో పేరుకున్న మట్టిని పొరలు పొరలుగా పరీక్షించి, అక్కడ గడ్డి దాదాపు 20,000 ఏళ్ళ నుంచీ ఉందని చూపించారు. ఆ వ్యాసం నేచర్ పత్రికలో వచ్చింది 1993లో. నేను గడిలో టిక్కు పెట్టిన ఏడాదే. గడ్డీ షోలా కలిసి వానని, మంచుని పట్టి ఉంచి వేసవిదాకా కొంచెం కొంచెంగా వాగుల్లోకి వదులుతాయి. మున్నార్ తూర్పు కొండల నీళ్ళు పాంబార్‌లో కలిసి, అమరావతి నది మీదుగా కావేరికి చేరతాయి. కింద తమిళనాడు రైతు పొలానికి పారే నీళ్ళు. దాన్ని బంజరన్నాను.

నేనొక్కణ్ణే అన్నానని కాదు. బ్రిటిషువాళ్ళ కాలం నుంచీ రెవెన్యూ లెక్కల్లో గడ్డినేలలది ఇదే గతి. చెట్టు లేకపోతే ఖాళీ కింద లెక్క. ఆ ఖాళీలో టీ తోటలు వేశారు. తోలు పదును చేసే టానిన్ కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్ వేశారు, అది మన తుమ్మకి చుట్టం. కలప కోసం, గుజ్జు కోసం యూకలిప్టస్, పైన్ వేశారు. ఒక తమాషా చూడండి. నీలగిరులకి ఆ పేరు ఈ నీలి పూలవల్ల వచ్చిందని చాలామంది చెబుతారు. మన తెలుగులో నీలగిరి చెట్టు అంటే యూకలిప్టస్. ఆ పువ్వుని తరిమిన చెట్టుకే ఆ పువ్వు కొండ పేరు పెట్టుకున్నాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాకంటే నాలుగేళ్ళ ముందు, 1989లో, తిరువనంతపురం నుంచి వచ్చిన కొందరు ప్రకృతి ప్రేమికులు కురింజిని కాపాడాలని కొడైకెనాల్ నుంచి మున్నార్ దాకా నడిచారు. అంటే నాకు తెలియలేదు గానీ, ఎవరికీ తెలియదని కాదు.

2006లో భార్యనీ పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్ళాను. రాజమలై వైపు, టాప్ స్టేషన్ వైపు చూశాం. పూత గురించి వర్ణించడం నా చేతకాదు. ఒకటి మాత్రం చెబుతాను: ఫొటోల్లో రాని సంగతి శబ్దం. కొండంతా తేనెటీగల రొద. మా చిన్నవాడు, "నాన్నా, ట్రాన్స్‌ఫార్మర్ లాగా ఉంది" అన్నాడు. ఇంజనీరు కొడుకు కదా.

మూడో రోజు వాళ్ళని హోటల్లో ఉంచి, జీపు మాట్లాడుకుని పాత సైటుకి వెళ్ళాను. టవర్లు బాగానే ఉన్నాయి, కాళ్ళకి తుప్పు లేదు. స్టోర్ యార్డు ఉన్నచోట వాటిల్ చెట్లు నిలువెత్తుకి రెండింతలు పెరిగి ఉన్నాయి. తవ్విన నేలలో మొదట మొలిచేవి అవే. అడుగున గడ్డి కూడా లేదు. చుట్టూ కొండ నీలంగా ఉంటే మధ్యలో ఆ నలభై సెంట్లు, నేను గీసిన కొలతలతో చతురస్రంగా, నల్లగా ఉన్నాయి. విచిత్రమేమంటే, తీగల కింద మాత్రం కురింజి పూసింది. తీగకి చెట్టు తగలకూడదని లైన్‌మెన్లు ఏటా వాటిల్ మొక్కల్ని నరుకుతూ వచ్చారు, దానివల్ల కింద పొద బతికింది. ఇది చెబితే మా ఆఫీసులో ఒకాయన, "చూశారా, మన లైనే కాపాడింది" అన్నాడు. నాకు ఆ ఓదార్పు రుచించలేదు. టవరు వల్ల పోయింది తక్కువ. నా తొందర వల్ల, ఆ యార్డు వల్ల పోయింది ఎక్కువ. ఫర్లాంగు అవతల పాత రోడ్డు పక్కన ఖాళీగా మెట్ట ఉంది. సామాను అక్కడ దించుకుని మోయించుకుంటే నాలుగు రోజుల కూలీ ఎక్కువయ్యేది, అంతే.

ఆ పెద్దాయన కోసం అడిగాను. రెండేళ్ళ కిందట పోయారన్నారు. ఐదోది చూశారు. ఆరోది చూడలేదు.

ఆ ఏడాది అక్టోబరులోనే కేరళ ప్రభుత్వం వట్టవడ, కొట్టకాంబూర్ గ్రామాల్లో 3,200 హెక్టార్లని కురింజి అభయారణ్యంగా ప్రకటించింది. లోపల పట్టా భూములున్నాయని, లేవని, అవి అసలువి కావని వివాదాలు నడిచి, హద్దులు తేల్చడానికే ఏళ్ళు పట్టింది. ఒక కాగితం మీద ఒక మాట రాయడం తేలిక, దిద్దడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

2018లో మా బ్యాచ్‌వాళ్ళం పన్నెండుమంది టిక్కెట్లు చేయించుకున్నాం. ఆగస్టులో కేరళని వరదలు ముంచాయి. మున్నార్‌కి దారులు తెగాయి, పెరియవరై వంతెన కూలింది. అంతా మానుకున్నారు. సెప్టెంబరు చివర నేనూ నా భార్యా వెళ్ళి, వానకి నలిగి అతుకులు అతుకులుగా పూసిన కొండని చూసి వచ్చాం.

మనకెందుకు ఇదంతా అంటారా? మన బడి నుంచి రోళ్ళపాడు ఎంత దూరం? ఇక్కడున్న పెద్దవాళ్ళలో కొందరు బట్టమేక పిట్టని కళ్ళారా చూసినవాళ్ళే. గడ్డినేలలో బతికే పక్షి. దానికోసమే 1988లో రోళ్ళపాడుని అభయారణ్యం చేశారు. ఇవాళ దేశం మొత్తం మీద ఆ పక్షులు నూటయాభై కూడా ఉండవని అంచనా. సాగు పెరిగింది, కాలవ నీళ్ళొచ్చాయి, మంచిదే, రైతు బతకాలి. రాజస్థాన్‌లో, గుజరాత్‌లో అవి కరెంటు తీగలకి గుద్దుకుని చస్తున్నాయని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బరువైన పక్షి, ఎదర ఏముందో సరిగా చూడలేదు, తీగని గమనించేసరికి తప్పుకోలేదు. లైన్లు వద్దని నేననను, నా అన్నం అదే. కానీ మన ఊళ్ళ చుట్టూ బీడు, బంజరు, పోరంబోకు అని మనం అనే నేలల్లో ఏముందో మనలో ఎవరం చూశాం?

2006 తర్వాత నేనొక చిన్న పని మొదలుపెట్టాను. నా కింద పనిచేసే పిల్లలకి సర్వే ఫారంలో ఐదో గడి గీయించాను: "గడ్డినేల, ఏమున్నదో అడగాలి." ఎవరిని అడగాలో కూడా రాయించాను: అక్కడ పశువులు మేపేవాళ్ళని. రెండు లైన్లకి దారి కొంచెం జరిగింది. ఒకచోట ఖర్చు పెరుగుతుందని పైవాళ్ళు ఒప్పుకోలేదు, నేను సంతకం పెట్టాల్సి వచ్చింది. అది కూడా చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు.

2022లో కల్లిప్పార పూసినప్పుడు జనం విరగబడ్డారు. పూలు తెంపారు, ప్లాస్టిక్ సీసాలు విసిరారు. ఆ తర్వాత నీలకురింజిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మూడో షెడ్యూలులో చేర్చారు. ఇప్పుడు పెకలిస్తే జైలు, జరిమానా. నేను పీకించినప్పుడు ఈ చట్టం ఉండి ఉంటే లోపలుండేవాణ్ణి. పోయిన ఏడాది, 2024లో, ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పుకు గురయ్యే (వల్నరబుల్) జాతుల పట్టికలో పెట్టింది.

మున్నార్ వరసకి మళ్ళీ పూత 2030. నాకప్పటికి అరవై రెండు. ఆగస్టు నెలాఖరుకి ఒక బస్సు మాట్లాడదామని మా బ్యాచ్ నిర్ణయించింది. నలభై సీట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు భయపడొద్దు, రాజమలై దాకా అటవీశాఖ బస్సులే తీసుకెళతాయి. నీళ్ళకి స్టీలు సీసాలు తెచ్చుకోవాలి. పూలు తెంపితే మధ్యలో దించేస్తాం. పేర్లు మా కోశాధికారి దగ్గర ఇవ్వండి, అడ్వాన్సు ఇప్పుడే అక్కర్లేదు.

పొద్దున టిఫిన్ దగ్గర సార్‌కి ఈ సంగతంతా మొదటిసారి చెప్పాను. ముప్పై ఏళ్ళు చెప్పలేకపోయాను. సార్ ఇడ్లీ తినడం ఆపి విన్నారు. కాసేపటికి, "ఆ పెద్దాయన పేరేంటిరా?" అని అడిగారు. ఫీల్డ్ బుక్కు తెచ్చి చూపించాను. కూలీల హాజరు పట్టీలో ఆయన పేరు లేదు, "గైడు, ఒకటి" అని నా చేతిరాతతో ఉంది.

సార్ పేరు పట్టికలో మొదట రాశాను. ముందు సీటు కిటికీ పక్కది.